కంఠస్థం చేశాకే కుంచె: జపనీస్ ‘కనా’ లిపిలో వాకా పద్యం రాయడం ఎలా?

టోక్యోలో ఉయెనొ పార్కు దగ్గరి నేషనల్ మ్యూజియంలో ఒక ఆదివారం అరచేయంత కాగితం ముక్క ముందు నేనూ మా ఆఫీసు కొలీగూ నిలబడ్డాం. వెయ్యేళ్ల నాటి రాత, ‘వాకా’ అనే ఐదు పాదాల జపనీస్ పద్యం. వెంట్రుకంత సన్నటి గీతలు పైనుంచి కిందికి జారుతున్నాయి. మధ్యలో ఒకచోట నల్లగా చిక్కబడి మళ్లీ ఎండిపోతున్నాయి. కాగితంలో సగం ఖాళీ. “ఏం రాసుంది?” అని అడిగాను. ఆయన ఒక నిమిషం చూశాడు, మెడ రుద్దుకున్నాడు, “ఇదొక్కటి ‘నొ’ అనుకుంటా” అన్నాడు. అక్కడే పుట్టి పెరిగిన మనిషి, తన భాషలోని పద్యం చదవలేకపోయాడు. పక్కన అచ్చులో ఇచ్చిన పాఠం కనపడగానే మాత్రం “అరె, ఇదా! స్కూల్లో బట్టీ పట్టాం కదా” అని గడగడా అప్పజెప్పేశాడు.

తర్వాత ఈ రాత నేర్చుకుంటున్నప్పుడు ఆ సంగతి నాకు చాలాసార్లు గుర్తొచ్చింది. కనా రాత చదివించడానికి రాసింది కాదు. చదివేవాళ్లకు పద్యం ముందే వచ్చు అన్న ధీమాతో రాసింది. మన పద్యనాటకంలో నటుడు పద్యం చివర రాగం ఎత్తుకుని మాట మధ్యలో ఆగినా, ఒక్క అక్షరాన్ని అరనిమిషం సాగదీసినా ఎవరూ అర్థం కాలేదని లేచి వెళ్లరు. పద్యం అందరికీ తెలుసు, వాళ్లు వచ్చింది గొంతు వినడానికి. ఇక్కడ గొంతు పని కుంచె చేస్తుంది. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే కింద చెప్పే పద్ధతులన్నీ ఎందుకలా ఉన్నాయో తేలిగ్గా తెలుస్తుంది.

ముందు కాస్త చరిత్ర

జపనీయులకు మొదట్లో సొంత లిపి లేదు. చైనా అక్షరాలను తెచ్చుకుని కొన్నిటిని అర్థం కోసం, కొన్నిటిని కేవలం ధ్వని కోసం వాడుకున్నారు. 8వ శతాబ్దం చివర్లో కూర్చిన ‘మన్యోషూ’లోని సుమారు 4,500 పద్యాలు ఇలా రాసినవే. ధ్వని కోసం వాడిన ఆ అక్షరాలను వేగంగా రాస్తూ రాస్తూ అరగదీస్తే మిగిలినవే హిరగన అక్షరాలు, ఇక్కడ కనా అంటున్నది వీటినే. ఇంటికప్పు కింద కూర్చున్న స్త్రీని చూపించే ‘శాంతి’ అనే చైనా అక్షరం అరిగి అరిగి ‘అ’ అయింది.

హెయాన్ యుగంలో (794–1185) ప్రభుత్వ కాగితాలు మగవాళ్లు చైనీస్‌లో రాసుకునేవారు. ఉత్తరాలు, కథలు, పద్యాలు కనాలో సాగేవి. అందుకే దీనికి ‘ఒన్నదె’, అంటే ఆడవాళ్ల చేతిరాత అని పేరు. పేరుకే అది, మగవాళ్లూ రాశారు. 905లో దైగొ చక్రవర్తి ఆజ్ఞతో మొదలైన ‘కొకిన్‌షూ’ అనే 20 సంపుటాల పద్య సంకలనానికి, దాన్ని కూర్చినవాళ్లలో ఒకడైన కి నొ త్సురయుకి కనాలోనే పీఠిక రాశాడు.

అప్పట్లో పెద్దింటి ఆడపిల్ల ముఖం పెళ్లికి ముందు చూడటం అరుదు. ముందు చేరేది పద్యం రాసిన ఉత్తరమే. కాగితం రంగు, సిరా చిక్కదనం, గీత పోయిన తీరు చూసి మనిషిని అంచనా వేసేవాళ్లు. ఆ కాలపు రచయిత్రి సెయ్ షోనగొన్ తన ‘మకుర నొ సోషి’ అనే పుస్తకంలో ఒక ముచ్చట చెబుతుంది. ఫుజివర నొ మొరొతద అనే మంత్రి కూతురికి మూడే మాటలు బోధించాడట. మొదట చేతిరాత నేర్చుకో, తర్వాత అందరికన్నా బాగా కొతొ వాద్యం వాయించు, ఆపైన కొకిన్‌షూ 20 సంపుటాలూ నోటికి పట్టు. ఆమె మురకమి చక్రవర్తి రాణి అయ్యాక, ఆయన పుస్తకం ముందు పెట్టుకుని రాత్రి దాకా ప్రశ్నలు వేశాడు. ఒక్క తప్పు కూడా దొరకలేదు. రాతా కంఠస్థమూ ఒకే పాఠంలో భాగాలన్నమాట.

మరి మా కొలీగ్ ఎందుకు చదవలేకపోయాడు? ఒకే ధ్వనికి పాతరోజుల్లో నాలుగైదు అక్షరాలుండేవి. 1900లో ప్రాథమిక పాఠశాలల నిబంధనలు మార్చి, ఒక్కో ధ్వనికి ఒక్కటే అక్షరం ఉంచారు. మిగతావన్నీ ‘హెంతైగన’, అంటే రూపం మారిన కనా అనే పేరుతో పక్కకెళ్లాయి. ఇప్పటికీ సొబా నూడుల్స్ కొట్ల బోర్డుల మీద అవి కనిపిస్తాయి. అలవాటుకొద్దీ గుర్తుపడతారు తప్ప కూడబలుక్కుని చదివేవాళ్లు తక్కువ.

మొదటి మెట్టు: పద్యం నోటికి రావాలి

కుంచె కొనకముందే చేయాల్సిన పని ఇది. నేను మొదలుపెట్టిన పద్యంతోనే మీరూ మొదలుపెట్టండి. కొకిన్‌షూలో 84వది, కి నొ తొమొనొరి రాసింది:

హిసకత నొ
హికరి నొదొకెకి
హరు నొ హి ని
షిజుగొకొరొ నకు
హన నొ చిరురము

‘ఇంత మెత్తని వెలుగు పరుచుకున్న వసంతపు రోజున, ఎందుకో కుదురు లేక పూలు రాలిపోతున్నాయి’ అని స్థూలంగా భావం. పూలంటే సకుర (చెర్రీ పూలు) అని చెప్పనక్కర్లేదు. ‘హిసకత నొ’కి విడిగా అర్థం చెప్పలేం. ఆకాశం, వెలుగు, సూర్యుడు లాంటి మాటలకు ముందు సంప్రదాయంగా వేసే పీఠం అది. ‘చిరురము’ అని రాసినా చివర ‘చిరురన్’ అని చదువుతారు.

లెక్క చూడండి: 5, 7, 5, 7, 7. మొత్తం 31. తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సుఖం ఉంది. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునేవాళ్లు ‘సిలబుల్స్’ అంటూ తికమకపడుతుంటారు. జపనీయుల లెక్క నిజానికి మన మాత్రల లెక్క లాంటిది. దీర్ఘానికి రెండు, పొల్లుగా పలికే ‘న్’కి ఒకటి. పై పద్యంలో అన్నీ లఘువులే కాబట్టి వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. హిసకత, హికరి, హరు, హి, హన అని ‘హ’కారం ఎలా తిరిగి తిరిగి వస్తుందో కూడా గమనించండి. వృత్త్యనుప్రాస మనకు కొత్తేమీ కాదు.

ఇంకో సంగతి. కనా అక్షరాల పట్టిక అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ వరుసల్లో నడుస్తుంది. ఎక్కడో విన్నట్టుందా? బౌద్ధ భిక్షువులు మంత్రాల కోసం నేర్చుకున్న సంస్కృత వర్ణమాల ప్రభావమే అది. ‘ప’ ఉండాల్సిన చోట ‘హ’ ఎందుకుందంటే, ఆ వరుసను పాతకాలంలో పకారంగా పలికేవాళ్లు. మనకు పట్టిక బట్టీ పట్టే పని సగం తగ్గినట్టే.

పద్యాన్ని రోజూ పైకి చదవండి. వారంలో నోటికొస్తుంది. అప్పటిదాకా కుంచె జోలికి వెళ్లొద్దు. కాగితం చూసి ఒక్కో అక్షరం దింపుతూ పోతే చేయి ప్రతి అక్షరం దగ్గరా ఆగుతుంది. ఆ తడబాటు సిరాలో దాచినా దాగదు.

రెండో మెట్టు: సామాన్లు

కుంచె: కనా కోసం సన్నటి, పొడుగు మొన ఉన్న చిన్న కుంచె కావాలి. చూడటానికి ముంగిసలా ఉండే ‘ఇతచి’ అనే జంతువు వెంట్రుకతో చేసినవి వాడతారు. హిరోషిమా ప్రాంతంలోని కుమనొ ఊరు కుంచెలకు పేరు. వాటర్ కలర్ బ్రష్‌తో పని జరగదని కాదు, కానీ మొన మళ్లీ ముడుచుకోదు. దేని మీద ఖర్చు తగ్గించుకున్నా కుంచె మీద తగ్గించుకోవద్దని నా సలహా.

సిరా: కట్టెగా వచ్చే ‘సుమి’. నూనె దీపం మసి లేదా పైన్ కట్టె మసిని జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురుతో కలిపి, కాస్త సుగంధం వేసి అచ్చు పోస్తారు (శుద్ధ శాకాహారులు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది). ఈ తయారీకి నారా నగరం పెట్టింది పేరు, అక్కడి కొబైఎన్ అనే దుకాణం 1577 నుంచి నడుస్తోంది. కనాకి నూనె మసి సిరా బాగుంటుంది. సీసా సిరా చిక్కగా ఉండి సన్న గీతను ముద్దచేస్తుంది. మన స్టేషనరీ షాపుల్లో దొరికే వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకుల జోలికి అసలు పోవద్దు. వాటిలో చాలావాటికి లక్క కలుపుతారు, ఒక్కసారి ముంచితే కుంచె కట్టెపుల్లే.

రాయి: ‘సుజురి’. ఒకవైపు చదునుగా ఉండే భాగాన్ని ‘నేల’ అని, నీళ్లు చేరే గుంటని ‘సముద్రం’ అని పిలుస్తారు. చిన్నది చాలు.

కాగితం: ప్రాక్టీసు కాగితం ‘హన్షి’, సుమారు 24 × 33 సెంటీమీటర్లు. కొనేటప్పుడు కనా కోసమని అడిగి తీసుకోండి. నున్నగా ఉంటుంది, సిరా పీల్చదు. మన దగ్గర దొరికే చేతితయారీ కాగితం అందంగానే ఉంటుంది గానీ ఎక్కువ రకాల మీద గీత పెట్టగానే మీసాలు మొలుస్తాయి. ఏదీ దొరక్కపోతే పాత రాతల ప్రింటు మీద బటర్ పేపర్ పరిచి దిద్దడంతో మొదలుపెట్టొచ్చు. దాని మీద సిరా చప్పున ఆరదు, చేయి తగలకుండా చూసుకోండి.

వీటితో పాటు కింద పరవడానికి ఒక ఫెల్ట్ గుడ్డ, కాగితం కదలకుండా ఒక బరువు ఉంటే చాలు.

మూడో మెట్టు: నూరడం, కూర్చోవడం

సానరాయి మీద గంధం తీసిన చేతులకు ఇది ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. రాయి ‘నేల’ మీద అర చెంచా నీళ్లు వేసి, సుమి కట్టెను నిటారుగానో కాస్త వాల్చో పట్టుకుని బరువు పెట్టకుండా గుండ్రంగా తిప్పండి. నొక్కి రుద్దితే పలుకులు లేస్తాయి. పది నిమిషాలు పడుతుంది. పద్యం మరోసారి మననం చేసుకోవడానికి ఆ టైమ్ సరిపోతుంది. నూరడం అయ్యాక కట్టెను రాయి మీదే వదలొద్దు, జిగురు ఆరి రెండూ అతుక్కుపోతాయి. కాగితంతో తుడిచి పక్కన పెట్టండి. మే నెలలో హైదరాబాద్‌లో అయితే పద్యం సగంలోనే సిరా చిక్కబడిపోతుంది, రెండు చుక్కల నీళ్లు దగ్గర పెట్టుకోండి. సీలింగ్ ఫ్యాన్ ఆపాల్సిందే, వేరే దారి లేదు.

కొత్త కుంచెను జిగురుతో గట్టిపరిచి అమ్ముతారు. మొత్తం విప్పకండి. మొన నుంచి మూడో వంతు, మహా అయితే సగం దాకా వేళ్లతో మెత్తగా విప్పి వాడాలి. పెద్ద అక్షరాల కుంచెకూ దీనికీ తేడా అదే.

కుంచె నిటారుగా ఉండాలి. పెన్ను పట్టినట్టు వాలిస్తే మొన గీత పక్కనే నడుస్తుంది, మధ్యలో నడవదు. కుడి మణికట్టు బల్లకు తేలిగ్గా ఆనించొచ్చు, లేదా ఎడమ అరచేతిని దిండులా కింద పెట్టుకోవచ్చు. రాసేది పైనుంచి కిందికి, కుడి నుంచి ఎడమకు. కాబట్టి రాసిన వరుస మీద చేయి పడే అవకాశం ఎక్కువ, మొదటి నెల మన చొక్కా కఫ్‌లే చెబుతాయి.

నాలుగో మెట్టు: విడి అక్షరాలు

గురువులు సాధారణంగా ‘ఇరొహ’ పద్యంతో మొదలుపెడతారు. 47 కనా అక్షరాలు ఒక్కోసారి మాత్రమే వచ్చేలా అల్లిన పద్యమది. 1079 నాటి పుస్తకంలో దొరికిందే ఇప్పటికి తెలిసిన అతి పాత పాఠం. ‘పూలు పరిమళిస్తాయి, అయినా రాలిపోతాయి’ అంటూ మొదలవుతుంది. దీని భావానికి మూలమని చెప్పేది పాళీలో మనం ‘అనిచ్చా వత సంఖారా’ అని చదువుకునే బుద్ధ నిర్వాణ గాథే. మన నేల మీద పుట్టిన గాథ, అక్కడి పిల్లలకు ఓనమాలైంది.

నకలు తీయడానికి నమూనా కావాలి. అందరూ చూపించేది ‘కోయగిరె’. కొకిన్‌షూకి మిగిలిన ప్రతుల్లో అతి పాతది, 11వ శతాబ్దం మధ్యకాలంది. సాక్షాత్తూ త్సురయుకి చేతిరాతే అని శతాబ్దాల పాటు నమ్మారు. నిజానికి అందులో ముగ్గురి చేతులున్నాయి, వాటిని మొదటి, రెండో, మూడో రకం అంటారు. మూడో రకం సూటిగా, శుభ్రంగా ఉంటుంది. కొత్తవాళ్లు అక్కడ మొదలుపెట్టడం మంచిది. మొదటి రకం చూడగానే మనసు లాగేస్తుంది గానీ, దాని మెత్తదనం వెనక ఎంత పట్టు ఉందో రాయబోయినప్పుడే తెలుస్తుంది.

నకలు మూడు అంచెలు. మొదట నమూనా పక్కన పెట్టుకుని రూపాన్ని ఉన్నదున్నట్టు దించడం. తర్వాత రూపం కాస్త అటూఇటూ అయినా ఆ చేతి ఊపును, వేగాన్ని పట్టుకోవడం. చివరగా నమూనా మూసేసి గుర్తుంచుకుని రాయడం. చాలామంది మొదటి దాంట్లోనే ఏళ్లు గడిపేస్తారు. నాకైతే మూడోది వారానికి ఒక్కసారైనా చేయాలనిపిస్తుంది, లేకపోతే కళ్లు నేర్చుకుంటాయి తప్ప చేయి నేర్చుకోదు.

గీత సన్నగా ఉండాలి, కానీ నీరసంగా ఉండకూడదు. ముగ్గు వేసేవాళ్లకు ఇది తెలుసు. పిండి జారే వేగమూ చేయి కదిలే వేగమూ కలిస్తేనే గీత తెగదు. అనుమానపడి ఆగితే అక్కడ కుప్ప పడుతుంది. ‘నొ’ అక్షరం ఒక్కటే గీత, లోపలికి దిగి పైకి తిరిగి చుట్టుకుని వస్తుంది. ఒక పేజీ నిండా ‘నొ’లే రాయండి. చుట్టు పైభాగంలో గీత సన్నబడి, కిందికి దిగేటప్పుడు కాస్త బరువు పుంజుకోవాలి. మొత్తం ఒకే మందంలో ఉంటే మీరు గీస్తున్నారు, రాయడం లేదు.

ఐదో మెట్టు: గొలుసుకట్టు

వరుస అక్షరాలను కుంచె ఎత్తకుండా కలిపి రాయడాన్ని ‘రెన్‌మెన్’ అంటారు. మన పాత దస్తావేజుల గొలుసుకట్టు రాతని చూసినవాళ్లకు అలవాటైన చూపే. కాకపోతే దస్తావేజులో తొందర ఉంటుంది. ఇక్కడ కలపడమే అందం.

కలపడం రెండు రకాలు. ఒకటి కంటికి కనిపించే గీతతో. రెండోది కాగితం మీద గీత ఉండదు, కానీ ఒక అక్షరం చివర ఏ దిక్కుకు పోయిందో తర్వాతి అక్షరం ఆ దిక్కు నుంచే మొదలవుతుంది. మధ్యలో కుంచె గాలిలో నడిచింది. ఈ రెండోదే కష్టం, ఈ రెండోదే రుచి.

మన పద్యంలోంచే సాధన తీసుకుందాం. ముందు ‘హరు’, ‘హన’ లాంటి రెండక్షరాల మాటలు. తర్వాత ‘హికరి’, ‘కొకొరొ’ లాంటివి. ‘కొకొరొ’ అంటే మనసు. ‘కొ’ అంటే పైనొకటి, కిందొకటి చిన్న గీతలు, అంతే. వరుసగా రెండు ‘కొ’లు వస్తే నాలుగు గీతలు మెట్లలా కనపడి చిరాకు పెడతాయి. కాబట్టి ఒకదాన్ని అణిచి, రెండోదాన్ని కాస్త కుడికి జరిపి రాస్తారు. ‘షి’ దీనికి పూర్తిగా వ్యతిరేకం. కిందికి జారే ఒంటి గీత, ఎంత పొడుగైనా సాగదీయొచ్చు. నాలుగో పాదం దానితోనే మొదలవుతుంది. మూడు పాదాల గజిబిజి తర్వాత ఆ ఒక్క పొడుగు గీత వానచినుకులా పడనివ్వండి, పద్యం మలుపు తిరిగింది అని చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

కొత్తవాళ్లందరూ చేసే తప్పు, నేను నెలల తరబడి చేసిన తప్పు: రెండు అక్షరాలు విడివిడిగా రాసి, మధ్యలో కొక్కెం తగిలించడం. గొలుసు అతుకులా కనిపిస్తుంది. మొదటి అక్షరం పూర్తవక ముందే మనసు రెండో దాని దగ్గర ఉండాలి. అందుకే కంఠస్థం అని అంత పట్టుబట్టింది.

ఎక్కడ కలపాలి, ఎక్కడ తెంపాలి అనేది మాటల హద్దుల్ని బట్టి ఉండదు. కలపడానికి వీలైన రూపాల్ని బట్టి, ఊపిరిని బట్టి ఉంటుంది. నాలుగైదు అక్షరాలకు మించి కలుపుకుంటూ పోతే తాడులా తయారవుతుంది.

ఆరో మెట్టు: మారు అక్షరాలు

మన పద్యంలో ‘నొ’ నాలుగుసార్లు, ‘హి’ మూడుసార్లు, ‘హ’, ‘రు’, ‘క’, ‘న’ రెండేసిసార్లు వచ్చాయి. అన్నిటినీ ఒకేలా రాస్తే పద్యం కాదు, టైపింగ్. ఇక్కడే ఆ పక్కకెళ్లిన హెంతైగన పనికొస్తాయి. ‘నొ’కి మామూలు చుట్టు ఒకటి, ‘సామర్థ్యం’ అనే అర్థమున్న చైనా అక్షరం నుంచి వచ్చిన బరువైనది మరొకటి. ‘హ’కి ‘మనిషి’ని సూచించే అక్షరం నుంచి వచ్చిన పొడుగు రూపం ఉంది, ‘హి’కి ‘ఎగరడం’ అనే అక్షరం నుంచి వచ్చిన విశాలమైనది ఉంది. ఏది ఎక్కడ వాడాలన్నది రాసేవాళ్ల ఇష్టం. పక్క వరుసలో అదే ఎత్తులో అదే అక్షరం ఉంటే మార్చడం మాత్రం తప్పదు. ‘హరు’, ‘హన’ లాంటి ఒకటి రెండు మాటలను నేరుగా చైనా అక్షరంతో రాసి బరువు దింపడమూ ఉంది.

మొదట్లో ఒక పద్యానికి మూడు నాలుగు మారు అక్షరాలకు మించొద్దు. నగల షాపు చేసేయకూడదు.

ఇంకొకటి, పాత రాతలో నాదాలకు గుర్తులుండవు. ‘షిజుగొకొరొ’ని ‘షిత్సుకొకొరొ’ అని, ‘నొదొకెకి’ని ‘నొతొకెకి’ అని రాస్తారు. గ, ద, జలను చదివేవాళ్లే సరిచేసుకోవాలి. తమిళ లిపి చదివే అలవాటున్న చెన్నై తెలుగువాళ్లకు ఇదేం వింత కాదు.

ఏడో మెట్టు: సిరా ఎక్కడ ముంచాలి

కుంచెను మాటిమాటికీ ముంచకూడదు. ఒకసారి ముంచితే అది ఎండి, గీత చీలి తెల్లటి చారలు పడేదాకా రాస్తూనే పోవాలి. ఒక పద్యానికి సాధారణంగా రెండుసార్లు చాలు. మొదట్లో ఒకసారి, నాలుగో పాదం మొదట్లో ఒకసారి. మన పద్యంలో అది ‘షిజుగొకొరొ’ దగ్గర పడుతుంది. అప్పటిదాకా వెలుగు గురించి చెప్పే అక్షరాలు పలచబడుతూ వచ్చి, ‘కుదురులేని మనసు’ దగ్గర ఒక్కసారి నల్లగా దిగుతాయి. అర్థమూ సిరా ఒకే చోట మలుపు తిరుగుతాయి. అన్ని పద్యాలూ ఇంత సహకరించవు.

నల్లటి చోట పక్కన నల్లటి చోటు, ఎండిన చోట పక్కన ఎండిన చోటు రాకుండా చూసుకోండి. ఎండిన కుంచెతో రాసేటప్పుడు భయపడి వేగం పెంచొద్దు. నెమ్మదిస్తేనే ఉన్న కాస్త సిరా దిగుతుంది.

ఎనిమిదో మెట్టు: చెదరగొట్టి రాయడం

అసలు రుచి ఇక్కడుంది, నేను ఎక్కువ కాగితాలు తగలేసింది కూడా ఇక్కడే.

ముందు కట్టుబాటున్న పద్ధతి ఒకటి చెబుతాను. సభల్లో సమర్పించే పద్యపత్రంలో మగవాళ్లు పద్యాన్ని మూడు వరుసల మీద మూడు అక్షరాలుగా రాయాలని సంప్రదాయం. అంటే 9, 10, 9, ఆపైన 3. మన పద్యాన్ని అలా విడగొడితే:

హిసకతనొహికరినొ
తొకెకిహరునొహినిషిత్సు
కొకొరొనకుహననొచి
రురము

‘నొదొకెకి’ని ‘నొ’ దగ్గర నరికేశారు. ‘షిజుగొకొరొ’ని మధ్యకు విరిచేశారు. ‘చిరు’, అంటే రాలడం, ‘చి’ ఒక వరుసలో ‘రు’ ఇంకో వరుసలో పడి నిజంగానే రాలిపోయింది. పాదాలకూ వరుసలకూ పొంతనే లేదు. పద్యం రాని మనిషికి ఇది గందరగోళం. వచ్చినవాళ్లకు ఇబ్బందే లేదు, వాళ్ల చెవిలో 5-7-5-7-7 ఎలాగూ నడుస్తూనే ఉంటుంది.

ఆ కట్టుబాటును కూడా వదిలేస్తే వచ్చేది ‘చిరషిగకి’, చెదరగొట్టిన రాత. దీనికి నమూనాలుగా మూడు పాత రాతల్ని కలిపి చెబుతారు: సున్‌షోఅన్, త్సుగి, మాసు షికిషిలు (షికిషి అంటే పద్యం రాసే చదరపు కాగితం). సున్‌షోఅన్‌వి దాదాపు 13 సెంటీమీటర్ల చదరపు ముక్కలు. క్యోటోలోని దైతొకుజి ఆలయంలో ఒక తేనీటి కుటీరం పేరే వాటికొచ్చింది. త్సుగిలో పద్యం మొదటి సగం ఒక పేజీలో, రెండో సగం ఎదురు పేజీలో పడుతుంది, మధ్యలో విశాలమైన మౌనం. మాసులో ఒకచోట ఏకంగా వరుస మీద వరుస ఎక్కించి రాశారు. ఇవాళ మనం అలా రాస్తే తుడిచి మళ్లీ రాయమంటారు.

మీరు మొదటిసారి ఇలా చేయండి. పెన్సిల్‌తో అగ్గిపెట్టెంత గడులు ఓ పది గీసుకుని, వరుసల బదులు ఊరికే గీతలు పెడుతూ అమరికలు ప్రయత్నించండి. అక్షరాలొద్దు. కుడివైపు పైన మూడు వరుసల గుంపు: ‘హిసకత నొ’ పొట్టిగా, ‘హికరి నొదొకెకి’ పొడుగ్గా, ‘హరు నొ హి ని’ ఇంకాస్త కిందినుంచి మొదలయ్యేలా. మూడు వరుసల తలలు ఒకే ఎత్తులో ఉండకూడదు, కింది చివరలూ అంతే. తర్వాత కాస్త ఎడం. ఆపైన ఎడమవైపు కిందికి దిగిన రెండు వరుసల గుంపు: ‘షిజుగొకొరొ నకు’, ‘హన నొ చిరురము’. చివరి మూడు అక్షరాలను విడగొట్టి పక్కన చిన్నగా వేయాలనిపిస్తే వేయండి. వరుసల మధ్య దూరం ఒకచోట దగ్గర, ఒకచోట దూరం. వరుసలు కచ్చితంగా నిలువుగా కాక కాస్త ఒరిగినా ఫర్వాలేదు, అన్నీ ఒకే వైపు ఒరగకపోతే చాలు.

మా సెన్సేయ్ అందరు గురువుల్లాగే ఎర్ర సిరాతో దిద్దేవారు. ఒకసారి నేను ఎంతో కష్టపడి, నాలుగు వైపులా సమానంగా మార్జిన్ వదిలి, మధ్యలో పద్యం కూర్చి తీసుకెళ్లాను. పవర్‌పాయింట్ అలవాటు మరి. ఆవిడ అక్షరాల జోలికే పోలేదు. ఖాళీ జాగాల మీద మాత్రం నాలుగు ఎర్ర సున్నాలు చుట్టి, “ఇవి నాలుగూ ఒకే సైజు” అన్నారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. తర్వాత నుంచి రాసిన కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూడటం అలవాటు చేసుకున్నాను. అక్షరాలు చదవబుద్ధి కాదు కాబట్టి ఖాళీలే కనపడతాయి.

మంచి కాగితం తీసే రోజు

ప్రాక్టీసు కాగితం మీద అమరిక కుదిరాక అసలు కాగితం తీయండి. రంగులద్దిన, బంగారు వెండి రేకుల పొడి చల్లిన కాగితాలను ‘ర్యోషి’ అంటారు. ఈ విద్య ఎంతదాకా పోయిందో చూడాలంటే, 1112 ప్రాంతంలో తయారైన నిషి హొంగన్‌జి ఆలయపు ‘36 మంది కవుల సంపుటి’ చిత్రాలు వెతకండి. వేర్వేరు రంగుల కాగితాలను చింపి, అంచులు కనపడేలా అతికించి, కొండలూ ఏరులూ అనిపించేలా చేసి, ఆపైన పద్యాలు రాశారు. 1929లో అందులోంచి రెండు సంపుటాలను ఒక మహిళా విద్యాసంస్థ నిర్మాణ నిధి కోసం ముక్కలుగా విడదీసి అమ్మారు. ముక్కలను ‘ఇషియమగిరె’ అంటారు. ‘గిరె’ అంటే కోసిన ముక్కే, కోయగిరెలో ఉన్నదీ అదే. తేనీటి గదుల్లో వేలాడదీయడానికి పాత పుస్తకాలను కోయడం అక్కడ శతాబ్దాల అలవాటు. ఆ కోతల వల్లే ఎన్నో చేతుల్లో పడి బతికాయని వాదించేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడదు.

మనకు అంత ఖరీదైన కాగితం అక్కర్లేదు. 27 × 24 సెంటీమీటర్ల మామూలు షికిషి అట్ట ఒకటి చాలు. రాసే ముందు అదే కాగితం మూలో, తునకో ఉంటే సిరా పరీక్షించండి. చల్లిన రేకుల మీద కుంచె జారుతుంది. ఒక్కసారే రాయాలి, దిద్దుబాట్లు లేవు. తప్పు పోతే పద్యం పూర్తయ్యేదాకా ఆగొద్దు, మధ్యలో వదిలేస్తే చేయి అక్కడే ఆగడం నేర్చుకుంటుంది. ముద్ర వేయాలనుకుంటే చిటికెనవేలి గోరంత చాలు, ఎడమవైపు చివరి వరుస కిందో పక్కనో.

రాతకు బయట చోటు లేకపోలేదు. ఏటా జనవరిలో జపాన్ రాజభవనంలో జరిగే పద్యపఠన సభకు ఎవరైనా సొంత వాకా పంపొచ్చు. హన్షి మీద స్వయంగా కుంచెతో రాసి పంపాలి. విదేశాల నుంచి పంపేవాళ్లకు కుంచె తప్పనిసరి కాదని మినహాయింపు ఉంది, దాన్ని వాడుకోవాలా వద్దా అన్నది మీ పౌరుషం.

అన్నీ అయ్యాక కుంచెను కుళాయి కింద పెట్టకండి. తడి కాగితం మీద మొనను మెల్లగా లాగుతూ సిరా పోయేదాకా తుడిచి, వేళ్లతో మొన కూర్చి ఆరనివ్వండి. కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ టోపీని అదేరోజు పారేయండి. తడి మీద టోపీ పెడితే విశాఖ లాంటి ఊళ్లో వారానికల్లా బూజు పడుతుంది, పైగా తొడిగేటప్పుడు అంచున ఒక్క వెంట్రుక వంగినా ఇక ఆ కుంచెతో ‘నొ’ చుట్టు రాదు.